దామెర్ల నీటిరంగులను వెలుతురు నుంచి కాపాడండి

సంపాదకులకు,

చిత్రకారుడు దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టి, 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే రామారావు బొమ్మలేసే నేర్పును గుర్తించి బొంబాయి జె.జె. చిత్రకళా స్కూలుకు పంపారు. చదువయ్యాక రామారావు సొంతూరికే వచ్చి చిత్రకళాశాల పెట్టారు. ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి కలకత్తాలో వైస్రాయ్ బహుమతి వచ్చింది.

ఏటా జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తున్నాం, మంచిదే. కానీ ఆయన మనకు మిగిల్చింది ఆ బొమ్మలు. వాటిలో చాలావరకు కాగితం మీది నీటిరంగులు. తైలవర్ణ చిత్రానికి ఉన్నట్టు వీటికి వార్నిష్ పొర ఉండదు. పల్చటి రంగు కాగితంలోకి ఇంకి ఉంటుంది. బొమ్మలో మనకు కనిపించే వెలుగు నిజానికి కాగితం తెలుపే. కాగితం పసుపెక్కిందంటే ఒంటిరంగులన్నీ మాడిపోతాయి. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న గాంబోజ్ పసుపు వెలుతురుకు నిలవదు. దాన్ని నీలంతో కలిపి వేసిన ఆకుపచ్చలో పసుపు ఎగిరిపోయి, చెట్టు నీలంగా మిగులుతుంది. పోయిన రంగును ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

అందుకే ఏ గ్యాలరీలోనైనా, ఎవరింట్లోనైనా నీటిరంగు బొమ్మపై వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలమానం) దాటకూడదు. మూడు నెలలు గోడకు ఉంచితే, తర్వాత చాలాకాలం చీకట్లో ఉంచాలి. అద్దం బొమ్మకు ఆనకూడదు, మధ్యలో మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) ఉండాలి. ఆనితే వానాకాలం చెమ్మకు రంగు అద్దానికే అంటుకుంటుంది. ఫ్రేము వెనక ప్లైవుడ్డు, సెల్లోటేపు వద్దు. ఆమ్లం, జిగురు కాగితంలోకి దిగి మరకలు కడతాయి. ఆమ్లరహిత అట్ట, అంటించడానికి గోధుమ గంజి చాలు. లామినేషన్ అసలే వద్దు, దాన్ని విప్పడం కుదరదు.

గోదావరి ఒడ్డున చెమ్మతో మరీ జాగ్రత్త. గదిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే అసలు లేనిదానికన్నా చేటు: కాగితం బిగుస్తూ వదులవుతూ ముడతలు పడుతుంది. బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి, ఆ బొమ్మను విడిగా పెట్టి నిపుణులను పిలవండి.

ప్రతి బొమ్మనూ, ప్రతి స్కెచ్చుపుస్తకం పేజీనీ పక్కన రంగుల కొలపట్టీ పెట్టి ఫొటో తీయించాలని సాంస్కృతిక శాఖను కోరుతున్నాం. ఏ రంగు ఎంత తగ్గిందో పదేళ్ల తర్వాత పోల్చి చూడాలంటే ఆ ఫొటోలే ఆధారం.

– చిత్రకళాభిమానులు, రాజమహేంద్రవరం