అమ్మ దవడకి ఆపరేషన్ ఎందుకు వద్దన్నారంటే

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అమ్మ పక్క గదిలోనే ఉంది, పైగా నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. ఆపరేషన్ చేయించేద్దాం, లోన్ పెడతాను, కావాలంటే స్థలం అమ్మేద్దాం అన్నావు. డబ్బు కోసం ఆగలేదురా, ముందు ఆ అనుమానం తీసెయ్.

అమ్మది నోటి క్యాన్సర్ కాదు. పొగాకు ముట్టని మనిషికి ఇదేమిటని నేనూ డాక్టరమ్మని రెండుసార్లు అడిగాను. 2017లో రొమ్ములో వచ్చిందే ఇది, ఆ కణాలే ఇన్నేళ్ళూ ఎక్కడో నక్కి ఉండి రక్తంతో పాటు దవడ ఎముకలోకి చేరాయి. ముక్క తీసి పరీక్షకి పంపితే అప్పటి రిపోర్టులో ఉన్నట్టే ఇదీ హార్మోన్ మీద బతికే రకమని తేలింది. నోట్లో కనబడే క్యాన్సర్లలో ఇలా వేరేచోటి నుంచి వచ్చేవి నూటికి ఒకటో ఏమోనట, ఆడవాళ్ళలో అయితే ఎక్కువగా రొమ్ము నుంచే వస్తాయట. స్కాన్‌లో వెన్నులోనూ తుంటిలోనూ కూడా కనబడింది కదా, అలాంటప్పుడు దవడ ఒక్కటీ కోసి తీసేసినా మిగతావి అలాగే ఉంటాయి, ఆమెకి మాత్రం నమలడం, మాట్లాడటం కష్టమైపోతుంది, ఆ గాయం మానేదాకా అసలు మందు ఆపుకోవాలి. అందుకే ఒళ్ళంతటికీ పనిచేసే మందు మొదలుపెట్టారు.

నన్ను తినేస్తున్నది వేరే ఉంది. సంక్రాంతి ముందు ఒకరోజు భోజనం దగ్గర అమ్మ గడ్డం మీద మెతుకు అంటుకుని ఉంటే చెప్పాను. తుడుచుకుంది, అయినా మెతుకు అక్కడే ఉంది. "కింది పెదవి మొద్దుబారిపోయిందండీ, తెలియట్లేదు" అంది. పన్ను వల్లే అనుకున్నాం. కదులుతున్న దంతం పీకించాం, నెలన్నరైనా ఆ గుంత మానలేదు. పళ్ళ డాక్టరు పాత జబ్బు గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు. పెదవికి స్పర్శ ఇచ్చే నరం దవడ ఎముక లోపల్నుంచే వస్తుందట, ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి గడ్డం తిమ్మిరెక్కితే స్కాన్ తీయించాల్సిందేనట. మీ పెద్దత్తా క్యాన్సర్ వైద్యం చేయించుకున్న మనిషే కాబట్టి ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను.

అనకాపల్లి నుంచి అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే కాబట్టి రేడియేషన్ పది రోజులూ బస్సులోనే వెళ్ళొచ్చాం. అది నొప్పి, రక్తం ఓడటం తగ్గడానికి. తల కదలకుండా ముఖానికి వలలాంటి మాస్కు వేస్తారు, వేడినీళ్ళలో మెత్తబరిచి ముఖం మీదే అచ్చు తీస్తారు. మొదటిరోజు అమ్మ చేతులు వణికాయి. బయటికొచ్చాక నుదుటి మీద ఆ వల గీతలు కనబడుతుంటే కొంగుతో కప్పుకునేది, తర్వాత తర్వాత కప్పుకోవడం మానేసింది.

ఇప్పుడు రోజూ లెట్రోజోల్ అనే హార్మోన్ తగ్గించే మాత్ర, దాంతో పాటు క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే పాల్బోసిక్లిబ్ ఇరవైఒక్క రోజులు వేసి ఏడు రోజులు ఆపాలి, తెల్లకణాలు పడిపోతాయేమోనని మధ్యలో రక్తపరీక్షలు. 2023లో పాల్బోసిక్లిబ్ పేటెంట్ అయిపోయాక మన కంపెనీలే తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది, లేకపోతే మనవల్ల అయ్యేది కాదు. ఎముకలు గట్టిపడటానికి ఇచ్చే ఇంజెక్షన్ మాత్రం పన్ను గుంత పూర్తిగా మానేదాకా వద్దన్నారు, ఆ మందుతో దవడ ఎముకే చచ్చుబడే ప్రమాదం ఉందట. పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు, నీ దగ్గర దాచను. అదుపులో ఉంచి, నొప్పి లేకుండా చూస్తామన్నారు. కొందరికి ఈ మందులతో ఏళ్ళు గడుస్తాయని కూడా అన్నారు, నేను ఆ మాట పట్టుకుని ఉన్నాను.

మార్ఫిన్ అలవాటైపోతుందని నువ్వు భయపడ్డావు. నేనూ భయపడి మొదటి రెండు రోజులు మాత్ర ఆలస్యం చేశాను, ఆ రెండు రాత్రులు ఆమె గోడవైపు తిరిగి మూలుగుతూనే ఉంది, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు నాలుగు గంటలకొకసారి అలారం పెట్టుకుని ఇస్తున్నాను, మలబద్ధకానికి మందు కూడా దాంతోనే. నొప్పికి లెక్క ప్రకారం వాడితే అలవాటు భయం పెట్టుకోవద్దన్నారు.

నోరు ఎండిపోతోంది, లోపల పుళ్ళు ఇంకా తగ్గలేదు. గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు, తినే సోడా వేసి పుక్కిలిస్తుంది. రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, అంతే. రుచి తెలియకపోయినా వాసన బాగా తెలుస్తోంది, నేను తాలింపు వేస్తుంటే మంచం మీంచే "ఆవాలు మాడుతున్నాయండీ" అంటుంది.

నువ్వు రాత్రి చేసేసరికి ఆమె నోరు పిడచకట్టుకుపోయి మాట స్పష్టంగా రాదు, అందుకే ముక్తసరిగా పెట్టేస్తోంది, నీ మీద కోపం కాదు. పొద్దున్న ఎనిమిదింటికి, ఆఫీసుకి వెళ్ళేముందు చెయ్యి. ఏం తిన్నావని అడక్కు, ఆ ప్రశ్నకి ఏడుస్తుంది. నీ సంగతులు చెప్పు.

వచ్చే నెల స్కాన్‌కి రెండు రోజులు సెలవు పెట్టుకో. వచ్చేటప్పుడు చిన్నపిల్లల టూత్ బ్రష్‌లు రెండు తీసుకురా, బాగా మెత్తవి. ఇక్కడ కొన్నవి చిగుళ్ళకి గుచ్చుకుంటున్నాయట.

నాన్న