న్యూట్రల్ కావాలో వద్దో పెట్టె మీదే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మా అత్తగారికి దీపం ఆరిపోయిందనడం ఇష్టం ఉండదు. కరెంటు దీపమైనా సరే, కొండెక్కిందనే అంటారు. గత నెల ఆవిడ గదిలో స్మార్ట్ డిమ్మర్ స్విచ్ పెట్టించాం. రాత్రి లేచి గోడ తడుముకోనక్కరలేదు, మంచం మీద నుంచే వెలుతురు తగ్గించుకోవచ్చని మా ఆశ. మొదటి రాత్రే పిలిచి, "అమ్మాయీ, ఈ దీపం కొండెక్కదు, దిగదు" అన్నారు. వెళ్లి చూస్తే స్విచ్ ఆపే ఉంది. బల్బు మాత్రం ఉండుండి మిణుగురులా మెరుస్తోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు బల్బు మార్చాడు. మర్నాడు స్విచ్ మార్చాడు. మూడోనాడు బోర్డు విప్పి, "ఇందులో న్యూట్రల్ లేదండీ, ఎర్త్‌కు కలిపేస్తే సరిపోతుంది" అని పచ్చ తీగకు కలిపేశాడు. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, పచ్చది ఎర్త్ తీగ. మెరుపు ఆగింది. డబ్బు తీసుకుని వెళ్లాడు. ఈ ఉత్తరం ఆ పచ్చ తీగ గురించే.

మా ఇల్లు 1986లో కట్టినది. కరెంటు తెచ్చే ఫేజు తీగ స్విచ్‌కు దిగి, అక్కడి నుంచి బల్బుకు వెళ్తుంది. న్యూట్రల్ పైనుంచి పైనే హోల్డర్‌కు చేరుతుంది, బోర్డుకు రాదు. ప్లగ్ పాయింటు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. మెట్ల దగ్గర, వరండాలో, మంచం పక్కన ఒట్టి లైటు స్విచ్‌లు ఉన్నచోటే తంటా. మామూలు స్విచ్‌కు న్యూట్రల్‌తో పని లేదు. స్మార్ట్ స్విచ్ మాత్రం ఫోను మాట వినడానికి రాత్రింబవళ్లు మేలుకుని ఉండాలి, అందుకు దానికి కాస్త కరెంటు కావాలి. న్యూట్రల్ దొరకనప్పుడు మేం కొన్నలాంటిది ఆ కాస్తనూ బల్బు గుండానే లాక్కుంటుంది. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుకు ఇది లెక్కలోకి రాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ లోపలి కెపాసిటర్ మాత్రం ఆ చుక్కచుక్కనూ పోగేసుకుని, నిండగానే ఒక్కసారి వెలిగి ఖాళీ అవుతుంది. మళ్లీ నిండుతుంది. అత్తగారు చూసిన మిణుగురు అదే.

కరెంటు పనిలో ముప్పై ఏళ్లున్న మా తమ్ముడు పండక్కి వచ్చి బోర్డు విప్పి చూసి, నన్నూ ఎలక్ట్రీషియన్‌నూ కలిపి తిట్టాడు. ఎర్త్ తీగ ఉన్నది ప్రమాదం వచ్చినప్పుడు కరెంటును నేలకు దింపడానికి, రోజూ మోయడానికి కాదు. స్విచ్ తినేది ఒక వాటు లోపే కాబట్టి అందులో పారేది నాలుగైదు మిల్లీ ఆంపియర్లు. కరెంటు దారి తప్పితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఇళ్లలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది, ఇంత కొద్దికి పడిపోదు, అందుకే ఈ తప్పు ఎవరికీ కనిపించకుండా నడిచిపోతుంది. రేపు ఆ ఎర్త్ తీగ ఎక్కడైనా తెగిందనుకోండి, స్విచ్ గుండా వచ్చిన ఫేజు అదే తీగకు తగిలించి ఉన్న గీజరు, ఫ్రిజ్‌ల రేకు మీదికి చేరుతుంది. తడి చేత్తో ముట్టుకునేది ఇంట్లోవాళ్లే. పక్క బోర్డు నుంచి న్యూట్రల్ లాగడం మరికొందరు చేసే చిట్కా. అది వేరే ఆర్‌సీసీబీ కిందిదైతే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది, దాన్నీ తీసిపారేయమనే మహానుభావులున్నారు.

సరైన వైద్యం ఇంత కష్టం కాదు. ముందుగా న్యూట్రల్ అక్కర్లేని రకం డిమ్మర్ కొనాలి. మెరుపు రాకుండా, దానికి సరిపడే బైపాస్ అనే చిన్న భాగాన్ని పైన హోల్డర్ దగ్గర, బల్బుకు వెళ్లే రెండు తీగల మధ్య కలపాలి. బల్బు డిమ్ చేయదగినదై ఉండాలి. కేంద్రం చవకగా ఎల్‌ఈడీలు ఇచ్చిన ఉజాలా పథకంలో ఇంటింటికీ చేరిన 9 వాట్ల బల్బులు డిమ్మర్ కోసం చేసినవి కావు, వాటిని తిట్టి లాభం లేదు. స్విచ్‌కు కనీస లోడు ఎంతో, అంటే దానికి తగిలించే బల్బులు కనీసం ఎన్ని వాట్లు ఉండాలో చూసుకోవాలి, ఒక్క చిన్న బల్బు దానికి చాలకపోవచ్చు. లైటు డిమ్మర్‌కు ఫ్యానును తగిలించకూడదు. ఇంకొకటి, ఇలాంటి స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్ దించాల్సిందే.

ఇవన్నీ కొన్నాక ఎందుకు తెలియాలి? మేం కొన్న పెట్టె మీద ఫోను బొమ్మ అరచేయంత ఉంది. న్యూట్రల్ ఉంటేనే సరిగా పనిచేస్తుందన్న మాట వెనక వైపు, చీమ తలకాయంత ఆంగ్ల అక్షరాల్లో ఉంది. ప్యాక్ చేసి అమ్మే సరుకుల మీద తప్పనిసరి వివరాలు హిందీలోనో ఆంగ్లంలోనో ఉంటే చాలని 2011 నాటి తూనికలు, కొలతల నియమాలు చెబుతున్నాయి. తెలుగు కూడా వేయవద్దని ఎక్కడా లేదు. న్యూట్రల్ కావాలా, కనీస లోడు ఎంత, ఏ బల్బుకు పనికొస్తుంది, పచ్చ తీగకు కలపవద్దు అన్న నాలుగు మాటలు తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా వేయించాలని వినియోగదారుల వ్యవహారాల శాఖను కోరుతున్నాను.

అమెరికాలో 2011 విద్యుత్ కోడ్ చాలావరకు లైటు స్విచ్ పెట్టెలన్నిటికీ న్యూట్రల్ అందుబాటులో ఉండాలంది. అంతకు ముందు కట్టిన ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు అక్కడా ఇదే అవస్థ పడుతున్నారు. ఇక్కడ కొత్త అపార్ట్‌మెంటు బ్రోషర్‌లో గ్రానైటు గురించి పేజీ ఉంటుంది, స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉందో లేదో ఒక్క వాక్యం ఉండదు. గోడ పూత పడకముందు ఇంకొక నల్ల తీగ లాగడానికి ఎంత ఖర్చవుతుంది? విద్యుత్ భద్రతా వారోత్సవాల్లో ఇనుప దండెం మీద బట్టలు ఆరవేయవద్దని చెబుతారు, మంచిదే. పచ్చ తీగ సంగతి కూడా ఎలక్ట్రీషియన్లను కూర్చోబెట్టి చెప్పాలి.

మా ఇంట్లో పచ్చ తీగ మళ్లీ దాని చోటికి చేరింది. రకం మార్చి, బైపాస్ పెట్టాక దీపం సరిగా కొండెక్కుతోంది. మా వీధిలో మరో రెండిళ్లకు కూడా ఆ ఎలక్ట్రీషియనే ఇలాంటి స్విచ్‌లు బిగించాడని నిన్ననే తెలిసింది. మెయిన్ ఆపి బోర్డులు విప్పి చూపించుకోమని వాళ్లకు చెప్పి వచ్చాను.

ఒక పాఠకురాలు,
కాకినాడ