సముద్రగర్భపు మట్టి వయసు: ‘±40’ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

బంగాళాఖాతం అడుగు మట్టికి రేడియోకార్బన్ పద్ధతిలో (కాలంతోపాటు తగ్గిపోయే కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి) ఇన్ని వేల ఏళ్లని తేలిందంటూ వార్తలు వస్తుంటాయి. చెన్నై తీరాన ఉన్నవాళ్లం వాటిని ఆసక్తిగా చదువుతాం. అంకె పక్కన వేసే ‘±40’ (40 ఏళ్లు అటూ ఇటూ) యంత్రం కొలతలోని దోషాన్నే చెబుతుంది. పొర వయసులోని అసలు అనిశ్చితి అంతకన్నా చాలా పెద్దది కావచ్చు.

లోతు సముద్రంలో వెయ్యేళ్లకు 2, 3 సెంటీమీటర్ల మట్టే పేరుకునే చోట్లు ఎన్నో. అడుగున బతికే పురుగులు పైనున్న సుమారు 10 సెంటీమీటర్లను తిరగేస్తూనే ఉంటాయి. వెయ్యేళ్లకు 2 సెంటీమీటర్ల లెక్కన అది 5,000 ఏళ్ల మట్టి! అందుకే సెంటీమీటరు మందం ముక్కలోనే వేల ఏళ్ల తేడా ఉన్న సూక్ష్మజీవుల పెంకులు పక్కపక్కనే దొరుకుతాయి. మామూలు కొలతకు 1 మిల్లీగ్రాము కార్బన్ కావాలి. దానికి 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఫొరామినిఫెరా (సముద్రపు ఏకకణ జీవులు) పెంకులు, అంటే కొన్ని వందలు, ఏరాలి. వచ్చేది వాటన్నిటి సగటు. మళ్లీ వందల పెంకులు ఏరి కొలిచినా దాదాపు అదే సగటు వస్తుంది కాబట్టి ఫలితం గట్టిదనిపిస్తుంది. పైగా ఒక జాతి ఒక కాలంలో విపరీతంగా పెరిగి తర్వాత తగ్గితే, దాని పాత పెంకులు పై పొరల్లోకీ చేరతాయి. ఒకే ముక్కలోని రెండు జాతులు రెండు వయసులు చెప్పేది ఇలాగే.

పెంకులు వదిలేసి మట్టిలోని సేంద్రియ కార్బన్‌కు వయసు కట్టడం మరీ ప్రమాదం. గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన పాత కార్బన్ కలిసి పొర ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ లాంటి, పై నీళ్లలో తేలుతూ బతికే జాతినే ఏరాలి. విరిగినవీ, లోపల మట్టి నిండినవీ తీసేయాలి. పలుచని ఆమ్లంతో పై పూత కరిగించాకే కొలవాలి. కార్బన్-14 బొత్తిగా మిగలని పెంకులో నేటి కార్బన్ 1 శాతం కలిసినా వయసు సుమారు 37,000 ఏళ్లని వస్తుంది.

సముద్రపు పై నీళ్లలోని కార్బన్ కూడా గాలిలోని దానికన్నా వందల ఏళ్లు పాతదిగా కనిపిస్తుంది. 2020లో వచ్చిన మెరైన్20 వక్రరేఖతో (సముద్రపు రేడియోకార్బన్ వయసును అసలు ఏళ్లలోకి మార్చేది) దీన్ని సరిదిద్దుతారు. ఆపైన ఆ ప్రాంతపు సవరణ వేరే ఉంటుంది. రుతుపవనాలు, ప్రవాహాలు వేరుగా ఉన్న 20,000 ఏళ్ల నాటికీ ఇప్పటి సవరణే వాడితే అది ఊహే అవుతుంది.

కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు మట్టి తీసిన చోటు, లోతు, అక్కడ అది పేరుకునే వేగం, కొలిచింది ఏ జాతి పెంకులనో, ఏ వక్రరేఖ, ఎంత సవరణ వాడారో పరిశోధకులను అడిగి ప్రచురించమని మా మనవి.

ఇట్లు,
సముద్ర భూవిజ్ఞాన అధ్యాపకులు,
చెన్నై