పాకాలకు పోయే ముందు హ్యాండిల్ సరిచేసుకో

జమ్మికుంట

బిడ్డా,

నిన్న ఫోన్లో సైకిల్ తొక్కుతుంటే చేతులు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పావు. నేను నోరు తెరిచేలోపే "గ్లౌజులు కొనుక్కుంటాలే బాపూ" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను, ఉత్తరాన్నైతే మధ్యలో కట్ చేయలేవు కదా.

గ్లౌజులు కొనుక్కో, వద్దనను. కానీ యూనివర్సిటీ నుంచి భద్రకాళి చెరువు కట్ట దాకా పోయేసరికే చిటికెనవేలు, దాని పక్క వేలు మొద్దుబారుతున్నాయంటే అది గ్లౌజులతో తీరేది కాదు. ఆ రెండు వేళ్లకు పోయే నరం అరచేతికి కింద, మణికట్టు దగ్గర, చిటికెనవేలి వైపు నుంచే పోతుంది. మణికట్టు వెనక్కి వంచి బరువంతా అక్కడ మోపితే నరం నలుగుతుంది. అసలు అంత బరువు చేతుల మీదికి ఎందుకు వస్తోందన్నదే చూడాలి. ఆ సైకిల్ అన్న తొక్కింది. వాడు నీకంటే జానెడు ఎత్తు. వాడికి కుదిరిన హ్యాండిల్ నీకెట్లా కుదురుతుంది?

హ్యాండిల్ ముట్టుకునే ముందు సీటు చూడు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే నువ్వు ముందుకు జారుతూనే ఉంటావు, జారకుండా చేతులతో ఆపుకుంటూ ఉంటావు. అప్పుడు హ్యాండిల్ ఎంత లేపినా లాభం లేదు. సీటు మీద గట్టి అట్ట ఉన్న పుస్తకం పెట్టి పక్కనుంచి చూడు, నేలకు సమంగా ఉండాలి. ఎత్తు సంగతి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. హ్యాండిల్ దూరమైందని సీటును ముందుకు మాత్రం జరపకు. సీటు కాళ్లను బట్టి పెట్టుకునేది. చేతుల కోసం దాన్ని జరిపితే మోకాళ్ల నొప్పి కొని తెచ్చుకున్నట్టే.

తర్వాత బ్రేకు లివర్లు. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని, సగం బాధ ఇక్కడే పోతుందని నా నమ్మకం. నీ సైకిల్‌కు లివర్లు దాదాపు నేలకు సమంగా, ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉన్నాయి. మొన్న నువ్వొచ్చినప్పుడే చూశాను. అట్లా ఉంటే బ్రేకు మీద వేళ్లు పెట్టిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుస్తావు. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, సీటెక్కి మామూలుగా కూర్చో. మోచేతులు కొంచెం వంగనీ. ఇప్పుడు వేళ్లు చాపు. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీత మీద ఉండాలి, ఆ వేళ్ల కిందికే లివర్ రావాలి. లివర్ పట్టీకి ఉన్న బోల్టు ఎలెన్ కీతో, అదే ఆరు పలకల వంకర కీతో, వదులు చేసి అంతవరకు కిందికి తిప్పి బిగించు. బ్రేకు నొక్కితే కదలనంత బిగువు చాలు.

ఇక హ్యాండిల్ ఎత్తు. మన ఇంట్లో ఉన్న పాత నల్ల సైకిల్‌కైతే పైనున్న బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన చెక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే లోపలి బిళ్ల జారుతుంది, హ్యాండిల్ పైకొస్తుంది. నీ గేర్ల సైకిల్ అట్లాంటిది కాదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టమే పైదాకా వస్తుంది, హ్యాండిల్‌ను మోసే స్టెమ్ అనే ముక్క దాన్ని బయటినుంచి పట్టుకుంటుంది. స్టెమ్ పైన గానీ కింద గానీ రింగులుంటాయి చూడు. పైన ఉన్నవాటిని కిందికి మారిస్తే ఆ మేరకు హ్యాండిల్ లేస్తుంది. అన్నీ ఇప్పటికే కింద ఉంటే స్టెమ్‌నే తలకిందులు చేసి పెట్టొచ్చు. కిందికి వాలినది పైకి వాలుతుంది. అదీ చాలకపోతే పొట్టి స్టెమ్ వేయించాలి, అప్పుడు హ్యాండిల్ దగ్గరికి కూడా వస్తుంది.

నువ్వే విప్పుతానంటే వరస తప్పకు. చక్రం నేల మీదే ఉండాలి, లేకపోతే స్టెమ్ తీయగానే ఫోర్కు కిందికి జారిపోతుంది. ముందు నెత్తి మీది మూత బోల్టు, తర్వాత పక్క బోల్టులు రెండూ. బిగించేటప్పుడు కూడా ముందు మూతే. ఆ మూత బోల్టు హ్యాండిల్‌ను పట్టి ఉంచేది కాదు, బేరింగుల లూజు తీసేది. అందుకే లూజు పోయి, హ్యాండిల్ మాత్రం హాయిగా తిరిగేంత బిగువు చాలు. ఆ తర్వాత హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా చూసుకుని పక్క బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించు. ఎంత బిగించాలో చాలా స్టెమ్‌ల మీద అచ్చేసే ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర. కాజీపేట షెడ్డులో ఇంజన్ బోల్టులు బిగించినవాణ్ని చెప్తున్నాను, ఇది బలం చూపించే చోటు కాదు. మరలు పోతే కొత్త స్టెమ్మే. బిగువు కొలిచే టార్క్ రెంచి ఉన్న షాపులో ఆఖరి బిగింపు వేయించుకో, సిగ్గుపడకు.

అయ్యాక ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపు. టకటకమంటే ఇంకా లూజున్నట్టు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పి చూడు, విడిగా తిరగకూడదు. హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పినప్పుడు బ్రేకు తీగ లాక్కుపోతే పొడుగు తీగ వేయించాలి. ఇది మరిచిపోతారు, మలుపులో బ్రేకు దానంతటదే పట్టేస్తుంది.

ఒకేసారి ఆకాశానికి ఎత్తకు. ఒక్క రింగు మార్చి రెండు మూడు రోజులు తొక్కి చూడు. మరీ ఎత్తయితే బరువంతా సీటు మీద పడి నడుము పట్టేస్తుంది, ఎదురుగాలి మొత్తం ఛాతీకే కొడుతుంది. నర్సంపేట రోడ్డు మీద పాకాల దాకా యాభై కిలోమీటర్లు, మళ్లీ తిరిగి రావాలి. గణపతిదేవుడి కాలం చెరువు, ఒక్క వారం ఆగితే ఎండిపోదు. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం పోండి. ముందురోజు రాత్రి మాత్రం దేన్నీ మార్చకు. దారిలో ఒకే తీరుగా పట్టుకుని కూర్చోకుండా చేతులు అప్పుడప్పుడు జరుపుతుండు.

సైకిల్ దిగిన తర్వాత కూడా తిమ్మిరి వదలకపోతే, చేతిలోది జారిపోతుంటే డాక్టర్‌కు చూపించు. నెట్లో వెతుక్కుంటూ కూర్చోకు, టెన్షన్ తప్ప ఏం రాదు.

లివర్లు తిప్పాక నువ్వు సీటు మీద కూర్చున్నప్పుడు పక్కనుంచి ఫోటో తీయించి పంపు. మోచేతులు, మణికట్టు కనపడాలి. సైకిల్ పక్కన నిలబడి నవ్వుతూ తీసుకున్నది వద్దు, అది అమ్మకు పంపుకో.

నీ బాపు