కొడుకు వేషం

ఒరేయ్ రఘూ,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో "ఇంతకీ నువ్వు నేర్పేదేంట్రా, ముసలివాళ్లని ఏడిపించేవాళ్లని పట్టుకోవడమా?" అన్నావు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, అది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తిట్టుకోకుండా చదువు.

పట్టుకోవడం పోలీసుల పని. నేను తర్ఫీదు ఇచ్చేది కేస్‌వర్కర్లకి, అంటే వేధింపు జరుగుతోందని తెలిస్తే ఆ ఇంటికెళ్లి మాట్లాడి సాయం చూసేవాళ్లకి. వాళ్లు చూడాల్సింది ఆ పెద్దావిడో, ఆ వికలాంగుడో రేపటి నుంచి భద్రంగా ఉంటారా లేదా అని. ఇదేదో ఎక్కడో ఒకటీ అరా జరిగే వ్యవహారం అనుకునేవు. 60 దాటినవాళ్లలో ప్రతి 6 మందిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపు పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కొట్టడం అందులో ఒక రకం మాత్రమే. వీల్‌చైర్‌ని చేతికందకుండా గోడ పక్కకి నెట్టేస్తారు. వినికిడి మిషన్ బ్యాటరీ తీసి దాచేస్తారు. గొడవ చెయ్యకుండా పడుంటారని నిద్రమాత్ర ఒకటి ఎక్కువేస్తారు. డబ్బు సంగతైతే చెప్పక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు కమిలిన మచ్చ కనిపిస్తే చాలు, రంగు చూసి "ఇది నాలుగు రోజుల కిందటి దెబ్బ" అని ఫైల్లో రాసేస్తారు. అది మాన్పించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. రంగుని బట్టి రోజులు లెక్కకట్టడం కుదరదు, మొదటి రోజే పసుప్పచ్చగా కనిపించొచ్చు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి చిన్న తగులుకే కమిలిపోతుంది. రంగుకన్నా చోటు ముఖ్యం. పెద్దవాళ్లకి పొరపాటున తగిలే దెబ్బల మచ్చల్లో 90 శాతం దాకా కాళ్లూ చేతుల మీదే ఉంటాయని 2005లో అచ్చయిన ఒక పరిశీలనలో తేలింది. మెడ మీదో చెవి మీదో ఉంటే ఇంకాస్త అడగాలన్నమాట. ఆ పెద్దావిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాయాలి. "కొడుకు దుర్మార్గుడు" అని రాస్తే రేపు కోర్టులో అది ఎందుకూ పనికిరాదు.

చట్టం క్లాసులో సగం మంది కునికిపాట్లే. అసలు పని నటన రోజున మొదలవుతుంది. కొడుకు వేషం నాది, తల్లి వేషం మా సీనియర్ ఒకావిడది. ఏ ప్రశ్న వేసినా నేనే జవాబు చెబుతూ తల్లి పక్కనే అతుక్కుని కూర్చుంటాను. ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలి, నాతో గొడవ పడకూడదు. అదీ పరీక్ష. "మీరు కాస్త బయటికి వెళ్లండి" అన్నవాళ్ల మీద ఇంతెత్తున లేస్తాను. ఈసారి ఒకమ్మాయి ఏం చేసిందో తెలుసా? "సార్, అమ్మగారి మందుల సంగతి మీకే బాగా తెలిసుంటుంది, నాతో వచ్చిన ఈ కేస్‌వర్కర్‌కి ఆ సీసాలన్నీ చూపించి రాయిస్తారా?" అంది. పొగడ్తకి పడిపోయి లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాను! ఆ తర్వాత కూడా "మీ అబ్బాయి కొడతాడా?" అని అడగలేదు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం జరిగిందో చెప్పండమ్మా" అని నోరు మూసుకుని కూర్చుంది. ఆ నోరు మూసుకోవడం ఉందే, అది నేర్పడం నా వల్ల కాదురా. కొందరికి వస్తుంది, అంతే.

మాట రాని మనిషైతే ఇంకో చిక్కు. రోజూ చూసుకునేవాళ్లే "ఆయన అనేది ఇదీ" అని మనకి చెబుతారు. వేధిస్తున్నది వాళ్లే అయితే? వేలితో చూపించి చెప్పే బొమ్మల బోర్డో, సైగల భాష తెలిసిన బయటి మనిషో ఉండాల్సిందే, ఆలస్యమైనా సరే.

ఇవన్నీ ఒకెత్తు, చివరి సీను ఒకెత్తు. తల్లి అన్నీ చెప్పేసి "నేను ఎక్కడికీ రాను బాబూ, వాణ్ణి ఏమీ అనకండి" అంటుంది. మన కుర్రాళ్లకి ఒళ్లు మండిపోతుంది. "ఆవిడకేం తెలుసు సార్, తీసుకెళ్లిపోదాం" అంటారు. కుదరదు. ఆవిడ చిన్నపిల్ల కాదు. మనకి తెలివితక్కువగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆలోచించే శక్తి లేదనకూడదని ఇంగ్లండ్‌లో 2005 నాటి చట్టం చెప్పనే చెప్పింది. బ్యాంకు లెక్కలు అర్థం కాని మనిషి కూడా తను ఎక్కడ ఉండాలో చక్కగా చెప్పగలదు. ఏ విషయానికి ఆ విషయం విడిగా చూడాలి. ప్రాణాపాయం ఉన్నా, ఆ విషయమే తనకి అర్థం కాని స్థితిలో ఉన్నా దారి వేరనుకో.

అలాగని ఫైలు మూసెయ్యమని కాదు. వచ్చే వారం మళ్లీ వస్తానంటే ఒప్పుకుంటుందా? నర్సు వచ్చి చూసిపోతే? ఖాతాలోంచి డబ్బు తీస్తే ఆవిడ ఫోన్‌కే మెసేజ్ వచ్చేలా చేస్తే? ఒక్కోసారి కొడుక్కి వారానికి ఒక రోజైనా ఊపిరి పీల్చుకునే వీలు కల్పించడమే తల్లికి రక్షణ. ఈ మాటంటే "మీరు కొడుకు పార్టీనా సార్?" అని నా మీద పడతారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే గొడవ, నాకు మాత్రం ఇష్టమైన గొడవ.

అన్నట్టు, కాలేజీ నాటకాల్లో విలన్ వేషాలన్నీ నీవే కదా. వచ్చే బ్యాచ్‌కి కొడుకుగా నువ్వొస్తావా? నా టక్కులన్నీ పాతవాళ్లు కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తున్నారు. డబ్బులేమీ ఇప్పించలేను, ముందే చెబుతున్నా. వీలు చూసుకుని జవాబు రాయి.

నీ
శీను