'నుంచి' ఉన్నచోటల్లా 'సిన్స్' రాదు

సంపాదకులకు,

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీరు నడుపుతున్న ఆంగ్ల శీర్షికలో 'నుంచి అని వస్తే సిన్స్ వాడాలి' అని ఇటీవల ఒక సూత్రం ఇచ్చారు. గుర్తుపెట్టుకోవడానికి సులువే గాని, మన పిల్లల తప్పులకు మూలం ఆ సూత్రమే. తెలుగులో 'సోమవారం నుంచి జ్వరం' అంటాం, 'రెండు రోజుల నుంచి జ్వరం' అనీ అంటాం. ఆంగ్లంలో మాత్రం ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం సాగిందో చెబితే ఫర్ వస్తాయి. దుకాణాల బోర్డుల మీద 'సిన్స్' పక్కన ప్రారంభించిన సంవత్సరం వేయడం అందుకే ఒప్పు.

సెలవు చీటీల్లో తరచుగా కనిపించే 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్' అనే వాక్యంలో నిజానికి రెండు తప్పులున్నాయి. సిన్స్ తీసి ఫర్ పెట్టినంత మాత్రాన అది బాగుపడదు; జ్వరం అప్పుడు మొదలై ఇప్పటికీ వదల్లేదు కాబట్టి, మన 'బాధపడుతున్నాను'ను ఉన్నదున్నట్టు దించకుండా 'ఐ హావ్ బీన్ సఫరింగ్' అని రాయాలి. మీ శీర్షిక ఈ క్రియ జోలికే పోలేదు, అదే నాకు పెద్ద లోటుగా తోచింది.

ముగిసిపోయిన సంగతులతో మరో చిక్కుంది. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఇక్కడా 'నుంచి' ఉంది, కానీ 'హాజ్ బీన్' అని రాసి 'సిన్స్ 1953' చేర్చితే కర్నూలు నేటికీ రాజధానే అయిపోతుంది! 'వాజ్' అని రాసి, 'ఫ్రమ్ 1953 టు 1956' అనో 'ఫర్ త్రీ ఇయర్స్' అనో ముగించాలి. మా కడప పేరుకు ఆంగ్లంలో 2005లో వచ్చిన కొత్త స్పెల్లింగు ఇప్పటికీ అమల్లో ఉంది కనుక దానికి 'సిన్స్ 2005' చక్కగా సరిపోతుంది.

కారణం చెప్పడానికీ ఈ రెండు మాటలు పనికొస్తాయి. అయితే ఆ అర్థంలో ఫర్ నేడు పుస్తకాలకే పరిమితం, పైగా వాక్యాన్ని దానితో మొదలుపెట్టరు. సిన్స్‌కు ఆ అడ్డు లేదు.

ఇకపై అభ్యాసాల్లో తెలుగు వాక్యాలిచ్చి అనువదించమనకుండా 'మండే', 'టూ డేస్', 'లాస్ట్ నైట్', 'ఎ లాంగ్ టైమ్' వంటివి ఇచ్చి, వాటి ముందు ఏది వస్తుందో అడగవలసిందిగా కోరుతున్నాను. 'సిన్స్ లాంగ్ టైమ్' అని రాసేవారు డిగ్రీ తరగతుల్లోనూ ఉన్నారు.

ఇట్లు,
విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, కడప