గంజాయి కేసు రాసే ముందు 64ఏ సంగతి చెప్పండి

సంపాదకులకు,

గంజాయిని చట్టబద్ధం చేస్తే పీడ విరగడవుతుందని కొందరు, తాగినవాణ్ణి దొరకగానే లోపలేయాలని మరికొందరు. విశాఖలో ఈ మధ్య నలుగురు కూర్చుంటే ఇదే వాదన. మద్దిలపాలెంలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపిన నాకు ఈ రెండూ మింగుడుపడవు. మన చట్టంలోని 64ఏ సెక్షన్‌లో చికిత్స అనే మూడో దారి ఉంది.

1985లో మత్తుపదార్థాలను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చేదాకా మన దేశంలోనే గంజాయిని లైసెన్సు దుకాణాల్లో అమ్మేవారు. కాబట్టి చట్టబద్ధం అనేది విదేశాల నుంచి ఊడిపడిన ఆలోచనేమీ కాదు. కానీ పాడేరు, చింతపల్లి కొండల్లో పండే సరుకుకు దర్జాగా దుకాణం తెరిస్తే లాభం గిరిజన రైతుకు దక్కుతుందా? పెట్టుబడి పెట్టే దళారీకే దక్కుతుంది. థాయిలాండ్ 2022లో గేట్లు ఎత్తేసి, 2025లో మళ్లీ బిగించుకుంది.

పోర్చుగల్‌ను చూపించేవాళ్లు ఒక విషయం వదిలేస్తారు. 2001లో ఆ దేశం మత్తు అమ్మకాన్ని చట్టబద్ధం చేయలేదు. అమ్మేవాడికి అక్కడ ఇప్పటికీ జైలే. పది రోజుల సొంత వాడకానికి మించని సరుకుతో దొరికినవాణ్ణి మాత్రం కోర్టుకు కాకుండా, ఆరోగ్య శాఖ కింద పనిచేసే కమిషన్ దగ్గరికి పంపుతారు.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. మన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడ్డవాడు వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం కేసులోనో దొరికినా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే కోర్టు విచారణ నుంచే మినహాయింపు ఇస్తారు. మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. ఇంత మంచి వెసులుబాటు ఉందని కాలేజీ కుర్రాడికీ తెలియదు, వాడి కోసం స్టేషన్ బయట నిలబడ్డ తండ్రికీ తెలియదు. చెప్పేవాళ్లు ఎవరు?

ఇక సూదుల సంగతి. పెంటాజోసిన్ ఇంజెక్షన్లు నొప్పికి వాడేవి. గట్టి నిబంధనలున్న షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందు కనుక డాక్టరు చీటీ ఉండాలి, రోగి పేరు రిజిస్టర్లో రాయాలి. అవే దొంగదారిలో కుర్రాళ్ల చేతికి చేరుతున్నాయని మన నగరంలో పోలీసులు పట్టుకున్నప్పుడల్లా పేపర్లో చదువుతున్నాం. ఒకే సిరంజి నలుగురు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి ఎంత తేలిగ్గా పాకుతాయో మందుల షాపువాడికి వేరే చెప్పాలా? కొత్త సూదులు ఇవ్వడం, సూది మత్తుకు బదులుగా నాలుక కింద పెట్టుకునే బుప్రినార్ఫిన్ మాత్రలు వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వడం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఎన్నో ఏళ్లుగా చేయిస్తున్న పనే. 'సూదులిస్తే ప్రోత్సహించినట్టు కాదా' అని మా ఇంట్లోనే అడిగారు. సూది లేదని మానేసినవాణ్ణి నేనైతే చూడలేదు, పక్కవాడిది తీసుకుంటాడు. గంజాయికి మాత్రం ఇలాంటి మాత్ర లేదు, కౌన్సెలింగే దిక్కు. దానికి మనిషి కావాలి, టైం కావాలి.

గంజాయి రవాణాపై రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం చేస్తున్న పనిని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ విభాగం హెల్ప్‌లైన్ నంబరు 1972కి ఫోన్ చేస్తే మనవాడి మీదే కేసవుతుందేమోనని తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. చికిత్స సలహాకు 14446 అని వేరే నంబరు ఉందని ఎంతమందికి తెలుసు?

పోలీసు కమిషనర్ గారు చేయాల్సింది పెద్దదేమీ కాదు. వాడకం కేసు రాసే ముందు 64ఏ గురించి కుర్రాడికీ ఇంటివాళ్లకూ తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. గుర్తింపు ఉన్న చికిత్సా కేంద్రాల జాబితా ప్రతి స్టేషన్‌లో గోడకు అంటించాలి. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో ఇలాంటివాళ్లకు ఎన్ని పడకలున్నాయో, ఎన్ని కావాలో జిల్లా కలెక్టర్ ఒకసారి లెక్క తీయించి ప్రజలకు చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
మద్దిలపాలెం, విశాఖపట్నం